మందు కొట్టిన మూడో రోజు

తూకం షెడ్డులో బల్ల వెనక కూర్చునే ఆవిడని తోటలో అందరూ ముల్లు అనేవారు. తక్కెడకుండే ముల్లు అని ఆవిడ సరిపెట్టుకునేది. అరికాల్లో దిగే ముల్లు అని మిగతావాళ్ళ ఉద్దేశం. ఎదురుగా ఎవరూ అనరు. అలాగని చాటుగా అనేటప్పుడు గొంతు తగ్గించేవారూ కాదు.

ఆవిడ పని ఆకు చూడడం. కొండవాలు మీద టీ ఆకు కోసి, బుట్టలు మోసుకొచ్చిన ఆడవాళ్ళు వరసగా నిలబడితే, ఒక్కొక్క బుట్టలోకీ మోచేతిదాకా చెయ్యి దింపి, అడుగునుంచి గుప్పెడు తీసి బల్ల మీద పరిచేది. రెండు లేతాకులూ ఒక మొగ్గా కలిసున్న చివుళ్ళు ఒక పక్కకి. ముదురాకులు, పుల్లలు, చిరుగులు ఇంకో పక్కకి. వందలో డెబ్బయి లేత చివుళ్ళుంటే బుట్ట లోపలికి. లేకపోతే ఏరుకుని రమ్మని వెనక్కి. పైన లేతాకు పరిచి అడుగున ముదురాకు కుక్కడం ఆ తోటంత పాత విద్య. అందుకే ఆవిడ చెయ్యి ఎప్పుడూ అడుక్కే వెళ్ళేది.

"పైన చూస్తే కళ్ళు పోతాయా?" అని అడిగింది ఒకావిడ ఒకసారి.

"పైన నువ్వు చూపిస్తున్నావుగా. అడుగున నేను చూసుకుంటా," అంది ముల్లు.

ఆవిడ పుట్టింది కూడా తోటలోనే. తల్లి ఆకు కోసే మనిషి. పదహారో ఏట కూతుర్ని పక్క వరసలో నిలబెట్టి పని నేర్పింది. గోటితో గిల్లకు, వేలితో విరువు. గుప్పిట్లో ఎక్కువసేపు పట్టుకోకు, ఆకుకి ఉక్కపోస్తుంది. ప్రతి మొక్కనీ ఏడో రోజుకి మళ్ళీ పలకరించు, పది దాటితే చివురు ముదిరిపోతుంది. ఆ తల్లికి మెచ్చుకోవడం తెలీదు. తప్పు ఆకు కోస్తే మాత్రం వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. కూతురికి పనితోపాటు ఆ గుణం కూడా వచ్చింది.

ముప్పయ్యో ఏట ఆవిడ షెడ్డులో పెద్ద రభస చేసింది. అప్పట్లో ఆకు చూసేవాడు తనకి కావలసినవాళ్ళ బుట్టల్ని చూడకుండానే పంపేసేవాడు. అలాంటి బుట్టనొకదాన్ని ఈవిడ లాక్కుని, అతని బల్ల మీదే బోర్లించి, ముదురాకులన్నీ ఏరి అతని ముందు కుప్ప పోసింది. విషయం మేనేజరుదాకా వెళ్ళింది. పాత మేనేజరు వయసు మళ్ళినవాడు, మనుషుల్ని చదివినవాడు.

"నీకు ఎవరితోనూ పడదని విన్నాను. నిజమేనా?" అని అడిగాడు.

"తప్పు చేసేవాళ్ళతో పడదు."

"తప్పు చెయ్యనివాళ్ళు ఎవరున్నారు?"

"నాకింకా తగల్లేదు," అంది.

ఆయన నవ్వి, మర్నాటినుంచి ఆ బల్ల వెనక ఆవిడని కూర్చోబెట్టాడు. ఆ కుర్చీ రావడం ఒక ఎత్తు, ఆ కుర్చీ వల్ల ఇంట్లో అంటుకున్న నిప్పు ఒక ఎత్తు.

తోటవాళ్ళిచ్చిన ఇల్లు ఒకటే. ముందు గదిలో బావగారూ తోడికోడలూ, వెనక గదిలో ముల్లూ మొగుడూ. వంటగది ఇద్దరిదీ. కుళాయి, బట్టలారేసే తాడు కూడా ఇద్దరివీ. తోడికోడలు తోటలోకెల్లా చురుకైన చెయ్యి. రెండు చేతులా కోసేది. ఆవిడ వేళ్ళు పొద మీద ఆడుతుంటే కొత్తగా చేరినవాళ్ళు పని ఆపి చూసేవారు. ముల్లు కుర్చీలో కూర్చున్న మొదటి నెలలోనే ఒక పొద్దున్న తోడికోడలి బుట్ట వచ్చింది. ముల్లు అడుగున చెయ్యి పెట్టి పిండింది. నీళ్ళు కారాయి.

"మంచు ఎక్కువ కురిసింది," అంది తోడికోడలు.

"మంచు పైన కురుస్తుందక్కా, అడుగున కురవదు. ఇవి కుళాయి నీళ్ళు."

నలభై మంది చూస్తుండగా తూకంలో సగం కొట్టేసింది. సగం కూలి పోయినందుకు తోడికోడలు బాధపడలేదు. పరువు పోయింది. తోటలో మొదటి చెయ్యి అని పేరున్న మనిషిని ఇంటి మనిషే దొంగ అంది. అంతే, ఆ సాయంత్రం బావగారు వంటగది మధ్యలో అడ్డంగా చెక్క నిలబెట్టాల్సి వచ్చింది. పదకొండేళ్ళపాటు ఆ ఇద్దరాడవాళ్ళూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోలేదు. మాట్లాడాలనిపిస్తే గిన్నెలతో మాట్లాడేవారు.

"కొందరికి కుర్చీ దొరికితే కళ్ళు నెత్తికెక్కుతాయే," అని చెక్కకి అటువైపు తోడికోడలు గిన్నెకి చెప్పేది.

"కొందరికి కుర్చీ లేకపోయినా ఎక్కుతాయి," అని ఇటువైపు ముల్లు గరిటెకి చెప్పేది.

ముల్లు మొగుడు ఫ్యాక్టరీలో ఆకు ఎండబెట్టే యంత్రం దగ్గర పనిచేసేవాడు. పెళ్ళానికీ వదినకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగి, చివరికి నోరు తెరవడం మానుకున్నాడు. ఆ ఇంట్లో నలుగురితోనూ మాట్లాడే మనిషి బావగారొక్కడే. మొక్కలకి మందు కొట్టడం ఆయన పని. వీపున డబ్బా, చేతిలో గొట్టం, ముఖానికి ఒక పాత తువ్వాలు. పని అయ్యాక బట్టలు తనే ఉతుక్కుని తాడు మీద ఆ చివర ఆరేసేవాడు. "అమ్మాయ్, నీ బట్టలు జరుపుకో, మందు వాసన పట్టుకుంటుంది," అని ముల్లుని హెచ్చరించేవాడు కూడా.

పాత మేనేజరు వెళ్ళిపోయి కొత్తాయన వచ్చాడు. వచ్చిన వారానికి తూకం షెడ్డులో అందర్నీ పోగుచేసి, కింద సంచి తగిలించిన పెద్ద కత్తెరలు పంచాడు.

"చేత్తో రోజుకి పాతిక కిలోలు. దీంతో అరవై. ఎంత కోస్తే అంత ఇస్తాం," అన్నాడు.

ఆడవాళ్ళ ముఖాలు వెలిగాయి. వెలగవా మరి? పాతికేళ్ళుగా చివుళ్ళు విరిచీ విరిచీ వేళ్ళు వంకర్లు తిరిగినవాళ్ళు. ముల్లు ఒక్కతే లేచింది.

"కత్తెరకి కళ్ళుండవు సార్. మొగ్గనీ ముదురాకునీ పుల్లనీ ఒకేలా తెగ్గొడుతుంది. అరవైలో నలభై కిలోలు చెత్త వస్తుంది."

"నీ పేరేంటి?"

వెనకనుంచి ఎవరో "ముల్లు" అన్నారు. షెడ్డంతా నవ్వింది.

"మంచిది. ముళ్ళు కత్తిరించడానికే తెచ్చాను ఇవి," అన్నాడు కొత్త మేనేజరు. షెడ్డు ఇంకోసారి నవ్వింది. ఆ నవ్వులో తోడికోడలి గొంతు ముల్లుకి విడిగా వినిపించింది.

ఏడు రోజులకోసారి కోసేది పదిహేను రోజులకి జరిగింది. బుట్టలు పోయి గోనెసంచులొచ్చాయి. సంచుల్లో ఆకుని కాళ్ళతో తొక్కి తొక్కి నింపి, ట్రాక్టరు మీద ఒకదానిమీద ఒకటి పడేసేవారు. ముల్లు చెయ్యి పెడితే లోపల జ్వరమొచ్చిన ఒంట్లా కాలేది. ఆకు వాడిపోకముందే, యంత్రంలో నలగకముందే, సంచిలోనే ఎర్రబడి పులిసేది. ఆవిడ మొదటి రోజు పద్నాలుగు సంచులు తిప్పి కొట్టింది. రెండో రోజు మేనేజరు పిలిపించి, డెబ్బయి అన్న లెక్కని నలభైకి దించుతున్నానని చెప్పాడు.

"నలభై అంటే అది టీ కాదు సార్, గడ్డి."

"గడ్డి తాగేవాళ్ళు కూడా ఉన్నారు. నిన్ను అక్కడ కూర్చోబెట్టింది ఆకు దాటించడానికి, ఆపడానికి కాదు."

ఫ్యాక్టరీ పైగదిలో టీ రుచి చూసే పెద్దాయన ఒకడుండేవాడు. తెల్లకప్పులు వరసగా పెట్టుకుని, చెంచాతో ఒక్కొక్కటీ చప్పుడు చేస్తూ పీల్చి, పక్కనున్న తొట్టిలో ఉమ్మడం ఆయన ఉద్యోగం. ఆయనకి మనుషులంటే చిరాకు. ఆ నెల ఆయన ఉమ్మే చప్పుడు మెట్లకిందదాకా వినిపించింది. నేరుగా దిగొచ్చి ముల్లు బల్ల మీద కప్పు పెట్టాడు.

"ఇదేంటి? చప్పగా, నాలుక మీద సున్నంలా. కళ్ళు మూసుకుని పంపిస్తున్నావా?"

"కళ్ళు తెరుచుకునే పంపిస్తున్నా. మూసుకోమన్నది మేనేజరు. వెళ్ళి ఆయన మీద ఉమ్మండి."

పెద్దాయన కాసేపు గుర్రుగా చూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "రుచి ఒక్కటే కాదు. ముదురాకులో ఫ్లోరైడు పేరుకుంటుంది. చవక టీ పొద్దస్తమానం తాగేవాడికి పళ్ళకీ ఎముకలకీ మంచిది కాదు. ఎవడు తాగుతాడది? డబ్బున్నవాడు తాగడు. నువ్వూ నేనూ తాగుతాం," అని గొణిగి వెళ్ళిపోయాడు. అది నిజమే. ఫ్యాక్టరీ నేల మీద ఊడ్చిన పొడి పొట్లాలు కట్టి నెలనెలా పనివాళ్ళకే ఇచ్చేవారు.

ఆ వేసవిలో మేనేజరు మొక్కల మధ్య నీడనిచ్చే చెట్లు కొట్టించి, యంత్రాల పొయ్యిలోకి తోలించాడు. నీడ పోయింది, ఎర్రనల్లి పురుగు పట్టింది. ఆకులన్నీ తుప్పు పట్టినట్టయ్యాయి. బావగారి వీపు మీదనుంచి డబ్బా దిగిన రోజు లేదు. ఇదివరకు నెలకోసారి కొట్టే మందు వారం వారం కొట్టడం మొదలుపెట్టారు. ఆ మందు డబ్బా మీద రాసే ఉంది, కొట్టాక పద్నాలుగు రోజులదాకా ఆకు కొయ్యకూడదని. ముల్లు పాత మేనేజరు కాలంలో ఆ రాత చదివింది. టీ ఆకుని ఏ దశలోనూ కడగరు. మొక్క మీద ఉన్నది వాడి, నలిగి, పులిసి, ఎండి, నేరుగా కప్పులోకి వస్తుంది.

ఒక బుధవారం సాయంత్రం తాడు చివర బావగారి చొక్కా ఆరేసి ఉంది. గాలికి వాసన కొట్టింది. "ఎక్కడ కొట్టారు బావగారూ?" అని అడిగింది. "నాలుగో బ్లాకు, అమ్మాయ్, పైనుంచి కిందదాకా," అన్నాడాయన.

శనివారం నాలుగో బ్లాకు ఆకు తూకానికొచ్చింది. ముందు నిలబడింది తోడికోడలు. సంచి మీద సంచి, మూడు సంచులు.

ముల్లు సంచి మూతి విప్పకుండానే పక్కకి నెట్టింది. "ఈ బ్లాకు ఆకు తూచను. మందు కొట్టి మూడో రోజు."

వరసంతా ఒక్కసారి గొల్లుమంది. పొద్దుటినుంచి ఎండలో కోసుకొచ్చిన ఆకు. తోడికోడలు బల్లకి చేతులు ఆన్చి ముందుకి వంగింది. పదకొండేళ్ళ తరవాత ఆవిడ ముల్లుతో నేరుగా అన్న మొదటి మాట ఇది:

"తాడు మీద మా ఆయన చొక్కా వాసన చూసి బతుకుతున్నావా?"

"వాసన రాకుండా ఉంటుందా? బావగారే చెప్పారు, నాలుగో బ్లాకని."

"ఆయన ఏ బ్లాకో కూడా సరిగ్గా చెప్పలేడు, చదువురాని మనిషి. కుర్చీలో కూర్చుని నీడపట్టున తినేదానికి కష్టం ఏం తెలుస్తుంది? తూస్తావా, తూచవా?"

"తూచను. ఈ ఆకు పాడైంది."

"పాడైంది నీ బుర్ర," అని తోడికోడలు సంచి ఎత్తి బల్ల మీద బోర్లించింది. వేడి వేడి ఆకు ముల్లు ఒళ్ళోకీ, ఆకు పుస్తకం మీదకీ, నేల మీదకీ జారింది. వెనకనుంచి చప్పట్లు వినిపించాయి. ముల్లు లేవలేదు. ఒళ్ళో ఆకు దులపలేదు. ఇద్దరూ ఒకరి ముఖంలోకి ఒకరు, పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా చూసుకుంటుంటే మేనేజరు వచ్చాడు. మందు కొట్టిన తేదీలు రాసే పుస్తకం తెప్పించి, నాలుగో బ్లాకు ఎదురుగా ఇరవై రోజుల కిందటి తేదీ చూపించి, తూచమన్నాడు. తూచకపోతే కుర్చీ ఖాళీ చెయ్యమన్నాడు.

ముల్లు తూచింది. కుర్చీ ఖాళీ అయితే అందులో కళ్ళు మూసుకుని ఆకు దాటించే మనిషే కూర్చుంటుందని ఆవిడకి తెలుసు. కానీ ఆకు పుస్తకంలో చివరి గడి ఒకటుంది, ఏదైనా చెప్పుకోవలసింది ఉంటే రాయడానికి. అక్కడ "మందు కొట్టిన మూడో రోజు" అని రాసి, దానికింద సంతకం పెట్టింది. మేనేజరు కిలోల గడి తప్ప ఇంకోటి చూడడు.

ఆరోజునుంచి అదో అలవాటయింది. తాడు మీద చొక్కా చూడడం, బ్లాకు అడగడం, ఆకు వచ్చినప్పుడు రోజులు లెక్కేసి చివరి గడిలో రాయడం. అయిదో రోజు. రెండో రోజు. నాలుగో రోజు. ఒకసారి మాత్రం రుచి చూసే పెద్దాయన దగ్గరికెళ్ళి, "మీ నాలుకకి మందు తెలుస్తుందా?" అని అడిగింది.

"తెలీదు," అన్నాడాయన ముఖం పక్కకి తిప్పుకుని. "ఏ వాలు ఆకో చెప్తాను. సంచిలో ఎంతసేపు ఉడికిందో చెప్తాను. మందుకి రుచి లేదు. నలభయ్యేళ్ళనుంచి రోజుకి రెండొందల కప్పులు నోట్లో పోసుకుంటున్నా. వచ్చిన పని అయిందిగా, వెళ్ళు."

ముల్లు చేతికింద ఆ పుస్తకంలో ముప్పయ్యొక్క గడులు నిండేసరికి ఆరు వారాలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం కుళాయి దగ్గర బావగారు రాతి మీద కూలబడి కనిపించాడు. ఒళ్ళంతా చెమట, నోటినుంచి చొంగ, చేతులు ఎగిరెగిరి పడుతున్నాయి. "అమ్మాయ్, కళ్ళు సరిగా కనబడ్డం లేదు," అని వాంతి చేసుకున్నాడు. ముల్లు అరిచిన అరుపుకి మొగుడూ పక్కవాళ్ళూ వచ్చారు. తోటలోని ట్రాక్టరు మీదే పడుకోబెట్టి, తోడికోడలు ఒళ్ళో తలపెట్టుకుని కూర్చుంటే, ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వెనకే ముల్లు మొగుడు కూడా ఎక్కాడు. అరగంటలో అతను ఫోను చేశాడు.

"ఏ మందో చెప్పమంటున్నాడు డాక్టరు. రకం తెలిస్తే విరుగుడు సరిగ్గా ఇవ్వగలడట. వదినకి తెలీదు. మేనేజరు ఫోను ఎత్తడం లేదు."

ముల్లు మందుల గదికి పరిగెత్తింది. అక్కడి గుమాస్తా తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. మేనేజరు చెప్పకుండా డబ్బా బయటికి ఇవ్వనన్నాడు. కాగితం చిరిగిపోయిందన్నాడు. అసలు ఆ మందు సబ్బునీళ్ళలాంటిదేనన్నాడు.

"అయితే తాగు," అంది ముల్లు.

"ఏంటి?"

"సబ్బునీళ్ళేగా. ఒక గుక్క తాగి చూపించు, వెళ్ళిపోతాను."

ఆవిడ అతన్ని భుజంతో ఒక్క తోపు తోసి లోపలికెళ్ళింది. అరల మీద ఖాళీ డబ్బాలు, సగం డబ్బాలు, కాగితాలు పీకేసినవి. మూలనున్న అట్టపెట్టెలో ఇంకా మూత తియ్యనిది ఒకటి దొరికింది, కాగితంతో సహా. దాన్ని చీరకొంగులో చుట్టుకుని, ఆకు లారీ డ్రైవరుని తిట్టినంత పనిచేసి, ఆ లారీలోనే ఆస్పత్రికి చేరింది. డాక్టరు డబ్బా మీద కాగితం చదివి, ఇంకో మాట లేకుండా లోపలికి పరిగెత్తాడు. సాయంత్రానికి ప్రాణానికి భయం లేదన్నారు.

వరండాలో బెంచీ మీద తోడికోడలు కూర్చుని ఉంది. ముల్లు బెంచీ ఆ చివర కూర్చుంది. థాంక్స్ అనే మాట వస్తుందని ఆవిడ అనుకోలేదు. కానీ వచ్చిన మాట కూడా అనుకోలేదు.

"నీకు ముందునుంచీ తెలుసు," అంది తోడికోడలు, గోడవైపు చూస్తూ.

"తెలుసు. అందుకే ఆ రోజు ఆపాను. నువ్వు నా ఒళ్ళో ఆకు పోశావు."

"ఆ తరవాత ఏం చేశావు?"

"పుస్తకంలో రాశాను. ప్రతిసారీ."

"పుస్తకంలో," అంది తోడికోడలు. ఇప్పుడు ఇటు తిరిగింది. రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా పగిలి, అరచేతులు పొలుసులు లేచి ఉన్నాయి. "ఇవి చూశావా ఎప్పుడైనా? నా సంచిలో ముప్పైసార్లు చెయ్యి పెట్టావు. నా చెయ్యి చూశావా? ఆ రోజు ఆకు పాడైందన్నావు. మీ చేతులు పాడవుతాయి, ఆ బ్లాకులోకి దిగకండి అన్నావా? మా ఆయన్ని రోజూ ఏ బ్లాకు అని అడిగావు. ఆయనకి చదువు రాదు, గుమాస్తా సబ్బునీళ్ళంటే నమ్మాడు. ఆ డబ్బా మీద రాసింది చదివిందానివి, ఒక్కసారి ఆయనకి చదివి చెప్పావా? నీకు ఆకు కావాలి. మనుషులు ఏమైపోతే నీకేం?"

నువ్వు మాట్లాడే మనిషివైతేగా చెప్పేది, అనుకుంది ముల్లు. కానీ బావగారు మాట్లాడే మనిషే. ఆయన రోజూ మాట్లాడాడు. తువ్వాలు ముఖానికి చుట్టుకుంటూ "వస్తా అమ్మాయ్" అని వెళ్ళేవాడు. తను వేళ్ళమీద రోజులు లెక్కేసుకుంటూ తల ఊపేది.

"వెళ్ళిపో. నీ ముఖం చూస్తే నాకు కడుపు మండిపోతోంది," అంది తోడికోడలు.

ముల్లు వెళ్ళలేదు. ఆ చివరే కూర్చుంది. తెల్లారి డాక్టరు వచ్చేదాకా ఇద్దరూ ఆ బెంచీ మీదే ఉన్నారు.

నెల తిరక్కుండా ఇంకో దెబ్బ తగిలింది. సరుకు కొన్నవాళ్ళు టీని పరీక్ష చేయించి, ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు మందు ఉందని మొత్తం తిప్పి పంపారు. పెద్దాఫీసునుంచి ముగ్గురొచ్చి మేనేజరు గదిలో విచారణ పెట్టారు. మేనేజరు మందు పుస్తకం చూపించాడు, తేదీలన్నీ చక్కగా ఉన్నాయి. ఆకు పుస్తకం చూపించాడు, కింద ముల్లు సంతకముంది. "ఆకు చూసే మనిషి దాటించింది. బాధ్యత ఆవిడది," అన్నాడు.

ముల్లుని పిలిచారు. ఆవిడ పుస్తకం వాళ్ళవైపు తిప్పి చివరి గడి మీద వేలు పెట్టింది. ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు చదివారు. పేజీలు తిప్పారు.

"ఇవన్నీ నిన్న కూర్చుని రాసుకొచ్చినవి. ఈవిడకి నేనంటే మొదటినుంచీ పగ," అన్నాడు మేనేజరు. పగ మాట నిజమే.

"మందు తేదీలు నీకెలా తెలుసు?" అని అడిగాడు ముగ్గురిలో పెద్దవాడు.

"మా బావగారు చెప్పేవారు. ఉతికిన చొక్కా తాడు మీద కనబడేది."

చొక్కా సాక్ష్యం విని ఒకాయన పెదవి విరిచాడు. అప్పుడు తలుపు తోసుకుని తోడికోడలు వచ్చింది. ఎవరూ పిలవలేదు. ఆవిడ వెనక వరండాలో ఇరవై మంది ఆడవాళ్ళున్నారు.

"ఈవిడంటే నాకు పడదు," అని మొదలుపెట్టింది. "పదకొండేళ్ళుగా పడదు. రేపు కూడా పడదు. నలుగురిలో నా పరువు తీసిన మనిషి. కానీ ఆ పుస్తకంలో ఉన్నది అబద్ధం కాదు. నాలుగో బ్లాకు బుధవారం కొట్టారు, శనివారం కోశాం. తొమ్మిదో బ్లాకు సోమవారం కొట్టారు, బుధవారం కోశాం, పుప్పొడి దులిపినట్టు మందు మా ముక్కుల్లోకి రేగింది. ఏ బ్లాకు ఎప్పుడు కొట్టాడో మా ఆయన మంచంమీదనుంచి చెప్తాడు, రాసుకోండి. కోసినవాళ్ళం మేం చెప్తాం. చేతులు కావాలంటే ఇవిగో చేతులు."

ముందు తనవి చాపింది. వెనకనుంచి ఇంకో జత వచ్చింది. ఇంకో జత. పెదవి విరిచినాయన కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

వచ్చినవాళ్ళు న్యాయమంతా చేసి వెళ్ళారని చెప్పలేం. మేనేజరుని తీసేయలేదు, వేరే తోటకి పంపారు. ఇంతకంటే పెద్ద తోటని తరవాత తెలిసింది. పైకి తెలియజేయకుండా ఊరుకున్నందుకు ముల్లుకి హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఆవిడ చదివి, మడిచి, సంతకం పెట్టింది. అందులో ఉన్నది తప్పని అనలేదు. డెబ్బయి లెక్క తిరిగొచ్చింది. కత్తెరలు మాత్రం పోలేదు, ఆకు ముంచుకొచ్చే రోజుల్లో వాడుకోవచ్చన్నారు. మందు కొట్టేవాళ్ళకి ముసుగులూ చేతి తొడుగులూ వచ్చాయి. నీడ చెట్లకి మొక్కలు పెట్టారు, అవి నీడనివ్వడానికి ఆరేళ్ళు పడుతుంది. బావగారు ఇరవైమూడు రోజులకి ఇంటికొచ్చాడు. చేతుల వణుకు తగ్గలేదు. కప్పు పట్టుకుంటే సగం ఒలికేది. గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

ముల్లు అడిగి మరీ ఇంకో పని నెత్తినేసుకుంది. ప్రతి బ్లాకు మొదట్లో రేకు బోర్డు పాతించి, మందు కొట్టిన రోజు, మళ్ళీ దిగాల్సిన రోజు ఎర్రరంగుతో తనే రాసేది. చదువురానివాళ్ళకి తెలిసేలా ఎన్ని రోజులాగాలో అన్ని గీతలు గీసి, పొద్దున్నే వెళ్ళి రోజుకొకటి కొట్టేసేది. తూకం దగ్గర ఆకుకంటే ముందు చెయ్యి చూపించమనేది. "ఇప్పుడు చేతులక్కూడా మార్కులేస్తోంది," అని ఆడవాళ్ళు విసుక్కునేవారు. చూపించేవారు.

వెళ్ళినాయన చోట కొత్తగా వచ్చిన మేనేజరు మూడో వారంలోనే ఆరో బ్లాకులోకి కోతవాళ్ళని పంపమన్నాడు. బోర్డు మీద ఇంకా నాలుగు గీతలు మిగిలున్నాయి. ముల్లు తూకం ఆపి ఆఫీసుకి బయలుదేరింది. మెట్ల దగ్గరికెళ్ళేసరికి తోడికోడలు కత్తెర చేత్తో పట్టుకునే అటునుంచి వస్తోంది.

"నువ్వెందుకు?" అంది తోడికోడలు.

"బోర్డు రాసింది నేను."

"దిగాల్సింది మేం. నువ్వు నోరు తెరిస్తే మాట తెగుతుంది, పని తెగదు. వెనక నిలబడు. అడిగితేనే తేదీ చెప్పు."

"నాకు చెప్పేంతదానివయ్యావా అక్కా?"

"అయ్యాను," అని తోడికోడలు ముందు మెట్టెక్కింది. ముల్లు పళ్ళు నూరుకుంటూ వెనక మెట్టెక్కింది. లోపలినుంచి మేనేజరు "ఎవరది?" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి జవాబిచ్చారు, ఒకరి మాట మీద ఒకరు పడుతూ.